రెక్కల లెక్కలు: అగత్తి నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి 3 గంటల 17 నిమిషాలేనా?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో సగం దూరాల గురించే. కొత్తగా చదివేవారికి ఒక మాట. ఈ శీర్షిక రాసేవాడు పైలట్ కాడు. చెన్నై విమానాశ్రయం ఉన్న మీనంబాక్కంలో ఒక విమాన సంస్థలో 31 ఏళ్ళు డిస్పాచర్‌గా పనిచేసి, ఇప్పుడు క్రోంపేటలో మేడమీద కూర్చుని, తలమీదుగా పోయే విమానాలకు టైము చూసుకుంటూ ఉండే మనిషి. విమానం ఏ దారిన పోవాలి, ఎంత ఇంధనం పోయాలి, దిగవలసిన చోట దిగలేకపోతే ఎక్కడికి మళ్ళాలి అన్నవి కాగితం మీద తేల్చి కెప్టెన్ చేత సంతకం పెట్టించుకోవడమే డిస్పాచర్ పని. టోపీ ఉండదు, యూనిఫారం మీద రెక్కలు ఉండవు. పెళ్ళిచూపుల్లో మా మామగారు "అబ్బాయి విమానాలు నడుపుతాడా?" అని అడిగితే మా నాన్న "నడిపేవాళ్ళను నడుపుతాడు" అని గట్టెక్కించారు.

ప్రశ్న: నమస్కారమండీ. మా అబ్బాయి పోర్ట్ బ్లెయిర్‌లో బ్యాంకు ఉద్యోగి. మావారు ఈ మధ్యే రిటైరయ్యారు. వచ్చే జనవరిలో లక్షద్వీప్ చూసి, అక్కడి నుంచి అటే అబ్బాయి దగ్గరికి వెళ్ళాలని మా ఆలోచన. ఫోనులో చూస్తే అక్కడి అగత్తి దీవి నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి 2,243 కిలోమీటర్లు, విమాన ప్రయాణం 3 గంటల 17 నిమిషాలు అని ఉంది. టికెట్టు మాత్రం ఎక్కడా దొరకడం లేదు. అలాంటి విమానమే లేదని మా కోడలు అంటోంది. లేని విమానానికి నిమిషాలతో సహా ఎలా చెబుతారు? — ఒక పాఠకురాలు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: అమ్మా, మీ కోడలి మాటే నిజం. ఆ విమానం లేదు, ఎప్పుడూ నడవలేదు. అయినా మీ ప్రశ్న చాలా మంచిది, ముఖ్యంగా చివరి వాక్యం. ముందు ఆ 17 నిమిషాలు ఎక్కడ పుట్టాయో చూద్దాం.

దూరం సంగతి సరే. అగత్తి 10 డిగ్రీల 49 నిమిషాల ఉత్తర అక్షాంశం, 72 డిగ్రీల 11 నిమిషాల తూర్పు రేఖాంశం మీద ఉంది. పోర్ట్ బ్లెయిర్ 11 డిగ్రీల 38 నిమిషాలు, 92 డిగ్రీల 44 నిమిషాలు. ఈ నాలుగు అంకెలూ ఇస్తే భూగోళం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దూరం లెక్కకట్టవచ్చు. ఇంటర్మీడియట్‌లో త్రికోణమితి చదివినవారెవరైనా పది నిమిషాలలో చేస్తారు. నేనూ చేశాను, 2,243 వచ్చింది. భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుని ఉంటుంది కాబట్టి కొందరి లెక్కలో రెండు మూడు కిలోమీటర్లు అటూ ఇటూ వస్తుంది. దాని గురించి దెబ్బలాడుకోనక్కరలేదు.

ఇక టైము. ఫోను ఆ 2,243ని గంటకు 805 కిలోమీటర్ల వేగంతో భాగించింది. అంటే 500 మైళ్ళు. 2 గంటల 47 నిమిషాలు వచ్చింది. ఎక్కడానికీ దిగడానికీ అని దాని మీద అరగంట కలిపింది. 3 గంటల 17 నిమిషాలు! అంతే. ఏ విమానం, ఏ రన్‌వే, ఏ గాలి అని అది అడగలేదు. రెండు ఊళ్ళ పేర్లు ఇస్తే మధ్యలో ఎవరెస్టు ఉన్నా, ఒక చోట రన్‌వేనే లేకపోయినా ఇలాగే చెబుతుంది. నిమిషాల దాకా చెప్పింది కాబట్టి ఎవరో గడియారం పెట్టి చూశారని మనం అనుకుంటాం. కూరగాయల కొట్లో "అరవై రూపాయలు" అంటే బేరమాడి, "అరవై రెండు రూపాయల నలభై పైసలు" అంటే మారుమాట లేకుండా ఇచ్చేస్తాం కదా, అలాంటిదే.

నిజమైన ఇబ్బంది అగత్తి దగ్గర ఉంది. అది పగడపు దిబ్బ మీద సన్నగా పొడుగ్గా ఉన్న దీవి. దాని దక్షిణపు కొసను రన్‌వే దాదాపు మొత్తం ఆక్రమించింది. పొడవు సుమారు 1,200 మీటర్లు, రెండు పక్కలా నీళ్ళు. అక్కడ దిగేవి ఏటీఆర్ లాంటి పంకాల విమానాలే. నిండా మనుషులతో అవి ఏకబిగిన పోగలిగే దూరం సుమారు 1,500 కిలోమీటర్లు. పోర్ట్ బ్లెయిర్ దాకా 2,243 సునాయాసంగా పోగల జెట్ విమానాలు ఉన్నాయి. వాటికి 1,200 మీటర్లు చాలవు. అక్కడ దిగగలిగినది ఇంత దూరం పోలేదు, ఇంత దూరం పోగలిగినది అక్కడ దిగలేదు. రోజూ అగత్తి నుంచి అండమాన్‌కి వెళ్ళేవాళ్ళు వందమంది ఉన్నా సరే, ఈ చిక్కు తీరదు. ఉన్నారా అంటే, మీ ఇద్దరి సంగతే నాకు తెలుసు.

అయితే మీ ఉత్తరం చదివాక ఊరుకోలేక, ఆ లేని విమానం ఏ దారిన పోతుందో పటం పరచి గీసి చూశాను. అలవాటు వదలదు. అగత్తి నుంచి తూర్పుగా బయల్దేరి దాదాపు 395 కిలోమీటర్లు అరేబియా సముద్రం దాటి, కోళికోడ్‌కి కాస్త దక్షిణంగా ఒడ్డెక్కుతుంది. కరిపూర్ విమానాశ్రయం పక్కగా పోయి, పాలక్కాడ్ కనుమకు ఉత్తరాన కొండలు దాటి, కోయంబత్తూరును కుడిచేతి వైపు, ఈరోడ్‌ను ఎడమచేతి వైపు వదిలి, చిదంబరానికి కొంచెం దిగువన, కొల్లిడం నది సముద్రంలో కలిసే ప్రాంతంలో బంగాళాఖాతంలోకి దిగుతుంది. అక్కడి నుంచి 1,400 కిలోమీటర్ల పైచిలుకు నీళ్ళే. మొత్తం దారిలో నేల 430 కిలోమీటర్లు. మీ బెంగళూరు గానీ, మా చెన్నై గానీ ఆ గీత మీద లేవు.

ఇక్కడే నాకు ఒక తమాషా కనపడింది. మీరు అగత్తి నుంచి మళ్ళీ బెంగళూరు వచ్చి, అక్కడి నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్తే ఎంతవుతుంది? అగత్తి నుంచి కెంపేగౌడ విమానాశ్రయానికి 657 కిలోమీటర్లు. అక్కడి నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి సుమారు 1,636. కలిపితే 2,293. తిన్నని గీత కంటే 50 కిలోమీటర్లే ఎక్కువ! పోనీ కొచ్చి మీదుగా చెన్నై వచ్చి వెళ్ళినా 2,357, అంటే 114 కిలోమీటర్లు అదనం. పటం మీద బెంగళూరు చాలా పైన ఉన్నట్టు కనపడుతుంది కాబట్టి పెద్ద చుట్టుతిరుగుడు అనిపిస్తుంది. రెండు వేల కిలోమీటర్ల తాడును మధ్యలో రెండు వందల కిలోమీటర్లు పక్కకు లాగితే పొడవు అంత తక్కువగా పెరుగుతుంది. నమ్మకం కుదరకపోతే బట్టలారేసే తీగను మధ్యలో పట్టి లాగి చూడండి.

అంటే మీకు నష్టం దూరంలో లేదు. ఏటీఆర్ గంటకు 500 కిలోమీటర్లు పోతుంది, అగత్తి నుంచి బెంగళూరుకు గంటన్నర పైన పడుతుంది. బెంగళూరు నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి జెట్‌లో రెండున్నర గంటల పైమాటే. గాలిలో ఉండేది మొత్తం నాలుగు గంటలు, నాలుగుంపావు. కానీ అగత్తి నుంచి మీరు ఏ మధ్యాహ్నమో వస్తారు. పోర్ట్ బ్లెయిర్ విమానాలు ఎక్కువగా పొద్దున్నే బయల్దేరతాయి. మధ్యలో ఒక రాత్రి తప్పదు. ఆ రాత్రి కొచ్చిలోనో చెన్నైలోనో లాడ్జిలో పడుకునే బదులు మారతహళ్ళిలో మీ ఇంట్లో పడుకుని, ఉప్పునీటి బట్టలు ఉతికి ఆరేసి, అబ్బాయికి ఇష్టమైన పచ్చడి సీసా పెట్టెలో సర్దుకుని బయల్దేరండి. అగత్తి విమానాలు కొచ్చి నుంచి ఎప్పటినుంచో ఉన్నాయి, బెంగళూరు నుంచి 2024లో మొదలుపెట్టారు. చిన్న దీవుల సర్వీసులు రుతువును బట్టి మారుతుంటాయి, కాబట్టి ముందు అగత్తి టికెట్టు తేల్చుకుని, ఆ తర్వాతే రెండోది కొనండి. రెండింటినీ వేరువేరుగా కొంటే మొదటిది రద్దయినప్పుడు రెండో సంస్థ మీకేమీ బాకీ ఉండదు. ఒక రోజు వెసులుబాటు ఉంచుకోవాలి. లక్షద్వీప్‌కి మనదేశం వాళ్ళకు కూడా అనుమతి పత్రం కావాలి. అది చేతికి వచ్చేదాకా దేనికీ డబ్బు కట్టకండి.

టికెట్టు మీద ఊరి పేరు చూసి కంగారు పడవద్దు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌కి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. విమానాశ్రయం మాత్రం వీర సావర్కర్ పేరు మీదే ఉంది. నా నాలుకకు ఇంకా పాత పేరే తిరుగుతోంది.

ఒక సంగతి చెప్పకపోతే నిద్రపట్టదు. రెండు దీవులకూ గడియారం ఒకటే గాని సూర్యుడు ఒకటి కాడు. రేఖాంశాల తేడా ఇరవై డిగ్రీల పైన, డిగ్రీకి నాలుగు నిమిషాలు, మొత్తం 82 నిమిషాలు. జనవరిలో పోర్ట్ బ్లెయిర్‌లో ఐదుంపావుకు పొద్దు కుంకితే, అగత్తిలో అదే సూర్యుడు ఆరున్నర దాటాక దిగుతాడు. ముందు అగత్తిలో నాలుగు రోజులుండి వెళ్తారు కనుక, అబ్బాయి ఇంట్లో మొదటి సాయంత్రం కాఫీ తాగుతుండగానే చీకటి పడితే ఒంట్లో బాగాలేదనుకోకండి.

పోర్ట్ బ్లెయిర్ అంటే నాకు లెక్కలకన్నా ముందు ఒక ఆవకాయ జాడీ గుర్తొస్తుంది. తొంభైల్లో సంగతి. పొద్దున చెన్నై నుంచి విమానం వెళ్ళింది, రెండు గంటలలో దీవి మీదికి చేరింది. మబ్బు కిందికి దిగిపోయి రన్‌వే కనపడలేదు. ఆ రన్‌వేకి ఒక కొసన కొండ ఉంది, కాబట్టి ఎటునుంచి పడితే అటునుంచి దిగడానికి వీల్లేదు. పైన తిరిగి తిరిగి, మబ్బు వీడక, విమానం మళ్ళీ చెన్నై వచ్చేసింది. అలా వెనక్కి రావడానికి సరిపడా ఇంధనం పోయించినవాణ్ణి నేనే. ఆ ఇంధనం బరువుకు బదులుగా పొద్దున కొంత సరుకు దించేశాం, దాని మీద మా స్టేషన్ మేనేజరు నాతో మాట్లాడడం మానేశాడు. మధ్యాహ్నం ప్రయాణికులు దిగారు. అందులో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మగారు ఉన్నారు, కూతురు కోసం ఆవకాయ పట్టుకెళ్తున్నారు. కౌంటరు దగ్గరికి వచ్చి జాడీ బల్ల మీద పెట్టి, "నాలుగు గంటలకు పైగా ఎగరేసి మళ్ళీ మద్రాసే చూపిస్తారా నాయనా, ఇదేదో ఇక్కడే కూర్చోబెట్టి చూపించవచ్చు కదా" అన్నారు. ఎగిరిన దూరం 2,700 కిలోమీటర్ల పైన. చేరిన దూరం సున్నా. మీ ఫోను ఆ రోజు కూడా రెండు గంటల చిల్లర అనే చెప్పి ఉండేది. మర్నాడు పొద్దున విమానం దిగింది, జాడీ చేరింది. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఆవకాయ ఎన్ని ఇళ్ళకు పంచారో మరి.

ప్రశ్న: చెన్నై నుంచి బెంగళూరుకు టికెట్టు మీద గంటా పది నిమిషాలు అని వేస్తారు. గాలిలో ఉండేది నలభై నిమిషాలు. మిగతా అరగంట ఎవరు తిన్నారు? — ఒక పాఠకుడు, ఆవడి

జవాబు: ఎవరూ తినలేదు, నేలమీద ఖర్చయింది. టికెట్టు మీద వేసేది ఎగిరే సమయం కాదు, మా భాషలో "బ్లాక్ టైమ్". నిలబడి ఉన్న విమానం చక్రాలకు అడ్డంగా దుంగలు పెడతారు. ఆ దుంగలు తీసి కదిలినప్పటి నుంచి, అవతలి ఊళ్ళో మళ్ళీ దుంగలు పెట్టేదాకా లెక్క. వెనక్కి నెట్టడం, రన్‌వే దాకా నడక, ముందున్న మూడు విమానాల వెనక వరుస, అక్కడ దిగాక మళ్ళీ నడక అన్నీ ఇందులో ఉంటాయి. ఆలస్యమయిందన్న పేరు రాకుండా కొన్ని నిమిషాలు అదనంగా కలుపుకోవడం కూడా ఉంది. అలా కలిపి మేము రాసిచ్చిన టైముటేబుళ్ళు నాకు తెలుసు కాబట్టి కాదనను. చెన్నై, బెంగళూరు విమానాశ్రయాల మధ్య తిన్నగా 267 కిలోమీటర్లే. రైలు మార్గం 360 కిలోమీటర్ల పైన. శతాబ్ది ఎక్కి కాట్పాడిలో ఇడ్లీ తింటూ వెళ్ళడమే నా ఓటు. మీరు అడగలేదు గాని చెప్పాను.

ప్రశ్న: మా అల్లుడు నౌకాదళంలో పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నాడు. పోయిన జూలైలో వెళ్ళి వచ్చాం. వెళ్ళేటప్పటికన్నా వచ్చేటప్పుడు పావుగంట తొందరగా వచ్చాం. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కదా, దానివల్లనా? — ఒక పాఠకుడు, త్యాగరాయనగర్, చెన్నై

జవాబు: అయ్యా, భూమి తిరిగేటప్పుడు దానితోపాటు గాలీ, గాలిలో ఉన్న విమానమూ తిరుగుతాయి. నడిచే రైలులో బంతి ఎగరేస్తే మళ్ళీ మీ చేతిలోనే పడినట్టు. మీకు పావుగంట మిగిల్చింది జూలై గాలి.

కింద నైరుతి రుతుపవనాలు పడమర నుంచి వీస్తుంటే, పైన, మబ్బులకన్నా పైన, సరిగ్గా ఎదురు దిక్కున తూర్పు నుంచి పడమరకు ఒక గాలి ప్రవాహం ఉంటుంది. ఉష్ణమండల తూర్పు జెట్ అంటారు. దాని నడిబొడ్డు 14, 15 కిలోమీటర్ల ఎత్తున, దాదాపు మన చెన్నై అక్షాంశం మీదుగానే పోతుంది. రుతుపవనాలు వెనుదిరిగితే అదీ మాయమవుతుంది. భారత వాతావరణ శాఖకు చెందిన పి. కోటేశ్వరం 1958లో దీని మీద రాసిన పరిశోధన వ్యాసం ప్రపంచమంతా పేరు పొందింది. మీనంబాక్కంలో వాతావరణ బ్రీఫింగ్‌కి వెళ్ళిన ప్రతి జూన్‌లోనూ ఆ పేరు వినేవాణ్ణి.

విమానాలు 10, 11 కిలోమీటర్ల ఎత్తున పోతాయి కాబట్టి ఆ ప్రవాహం అంచు మాత్రమే తగులుతుంది. అంచే గంటకు 70 కిలోమీటర్లు ఉందనుకోండి. గంటకు 830 పోయే విమానం వెళ్ళేటప్పుడు నేలను బట్టి చూస్తే 760, వచ్చేటప్పుడు 900. చెన్నై, పోర్ట్ బ్లెయిర్ మధ్య 1,372 కిలోమీటర్లు. భాగించి చూడండి, తేడా 17 నిమిషాలు వస్తుంది. మీ గడియారం మంచిదే.

ఇదే గాలి డిస్పాచర్‌కి ఇంకో లెక్క పెడుతుంది. సముద్రం మధ్యలో ఎవరికైనా గుండెపోటు వచ్చింది, లేదా ఇంజిన్ ఒకటి మొరాయించింది. ముందుకా, వెనక్కా? దూరంలో సగం 686 కిలోమీటర్ల దగ్గర. కానీ జూలైలో వెనక్కి తిరిగితే గాలి సాయం ఉంటుంది, ముందుకు పోతే ఎదురు. అందువల్ల చెన్నై నుంచి 744 కిలోమీటర్లు పోయినదాకా వెనక్కి రావడమే తొందర. గాలిలేని రోజుకన్నా 58 కిలోమీటర్లు అవతలికి జరిగింది నడిమధ్య. ఆ బిందువును పెన్సిలుతో పటం మీద గుర్తుపెట్టి ఇచ్చేవాళ్ళం. రోజూ పెట్టేవాళ్ళం, 31 ఏళ్ళలో దాని అవసరం నాకు రెండుసార్లే వచ్చింది, రెండుసార్లూ గుండెపోట్లే.

ప్రశ్న: తాతగారూ, నేను ఎనిమిదో తరగతి. ప్రపంచంలో బాగా మారుమూల విమానాశ్రయాలు ఈస్టర్ దీవి, సెయింట్ హెలీనా అని మా సార్ చెప్పారు. ఒక దానినుంచి ఇంకోదానికి ఎంత దూరం, ఎంతసేపు? — ఒక విద్యార్థి, పెరంబూరు, చెన్నై

జవాబు: నాయనా, మీ సార్ మంచి జత ఇచ్చారు. ఈస్టర్ దీవి పసిఫిక్ మహాసముద్రంలో, చిలీ దేశానిది, పెద్ద పెద్ద రాతి విగ్రహాలున్న చోటు. సెయింట్ హెలీనా అట్లాంటిక్ దక్షిణ భాగంలో, బ్రిటన్‌ది. 1815లో నెపోలియన్‌ని తీసుకెళ్ళి పెట్టింది అక్కడే, 1821లో పోయిందీ అక్కడే. పారిపోలేని చోటు వెతికి మరీ పెట్టారు. మధ్యలో దక్షిణ అమెరికా ఖండం మొత్తం అడ్డం. తిన్నగా అయితే 10,505 కిలోమీటర్లు. ఫోనుని అడిగితే పదమూడున్నర గంటలంటుంది.

ఇప్పుడు మారతహళ్ళి అమ్మగారి జవాబు ఒకసారి చదివి రా. నీదీ అదే చిక్కు, కాకపోతే పది రెట్లు పెద్దది. ఈస్టర్ దీవిలో రన్‌వే 3,300 మీటర్లు. అంత చిన్న దీవికి అంత రన్‌వే ఎందుకంటే, అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తన స్పేస్ షటిల్‌కి ఆపద వస్తే దిగడానికి ఉంటుందని 1980లలో పొడిగించింది. షటిల్ ఎప్పుడూ దిగలేదు గాని పెద్ద విమానాలకు కలిసొచ్చింది. సెయింట్ హెలీనాలో రన్‌వే 1,950 మీటర్లే, అదీ సముద్రానికి 300 మీటర్ల పైన కొండ అంచున. గాలి కొండను కొట్టుకుని రన్‌వే కొస దగ్గర ఉన్నట్టుండి దిక్కూ వేగమూ మార్చేస్తుంది. దిగే విమానానికి అంతకన్నా చెడ్డది లేదు. విమానాశ్రయం కట్టేశాక 2016లో ఒక బోయింగ్ 737ని పంపి చూస్తే ఈ సంగతి బయటపడింది. అందరూ నెత్తిన చేతులు పెట్టుకున్నారు. చివరికి 2017 అక్టోబరు 14న చిన్న ఎంబ్రేయర్ జెట్‌తో జోహానెస్‌బర్గ్ నుంచి సర్వీసు మొదలైంది. అంతకుముందు కేప్‌టౌన్ నుంచి ఓడలో ఐదారు రోజులు. ఆ ఎంబ్రేయర్ నాలుగున్నర వేల కిలోమీటర్ల కన్నా దూరం పోలేదు.

కాబట్టి మనిషి పోగలిగే దారి ఇది. ఈస్టర్ దీవి నుంచి చిలీ రాజధాని శాంటియాగోకి 3,752 కిలోమీటర్లు. అక్కడి నుంచి బ్రెజిల్‌లో సావో పాలో, 2,615. అట్లాంటిక్ దాటి జోహానెస్‌బర్గ్, 7,439. అక్కడి నుంచి వెనక్కి తిరిగి సెయింట్ హెలీనా, 3,682. మొత్తం 17,488. గమనించావా, సావో పాలో నుంచి జోహానెస్‌బర్గ్ పోయే విమానం అట్లాంటిక్‌లో మనం వెళ్ళవలసిన దీవిని దక్షిణంగా దాటిపోతుంది. మనం ఆఫ్రికా దాకా పోయి మళ్ళీ రావాలి. ఇక సెయింట్ హెలీనా విమానం రోజూ ఉండదు, వారానికి ఒకటో రెండో. ఎంతసేపు అన్నదానికి జవాబు నువ్వు బయల్దేరిన వారాన్ని బట్టి ఉంటుంది. ఆదివారం బయల్దేరితే ఒక లెక్క, గురువారం బయల్దేరితే ఇంకో లెక్క.

నీకు ఇంకో పని చెబుతాను. బడిలో గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని రెండు దీవుల మధ్య బిగుతుగా పట్టు. అది పడే దారే అతి దగ్గరి దారి. తర్వాత అదే దారంతో భూమధ్యరేఖ చుట్టుకొలత కొలువు, అది 40,000 కిలోమీటర్లకు సమానం. మిగతాది త్రైరాశికం. నా దగ్గర 1979లో మూర్ మార్కెట్‌లో కొన్న గ్లోబు ఉంది, 30 సెంటీమీటర్లది. దానిమీద ఇంకా సోవియట్ యూనియనే ఉంది. నాకు 25 సెంటీమీటర్లకు ఒక పిసరు తక్కువ వచ్చింది. నీ గ్లోబు మీద ఎంత వచ్చిందో రాయి, గ్లోబు వ్యాసం కూడా రాయడం మరవకు.

ప్రశ్న: గత సంచికలో నాటికల్ మైలు (ఓడలకూ విమానాలకూ వాడే మైలు) అంటే 1,825 మీటర్లు అని రాశారు. నేను ఓడ సరుకుల వ్యాపారంలో నలభై ఏళ్ళుగా ఉన్నాను. అది 1,852 కదా? — ఒక పాఠకుడు, సౌకార్‌పేట, చెన్నై

జవాబు: అవునండీ, 1,852. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లను 360 డిగ్రీలతో, మళ్ళీ డిగ్రీకి 60 నిమిషాలతో భాగిస్తే వచ్చేది అదే. 1929లో మొనాకోలో జరిగిన అంతర్జాతీయ సమావేశం దాన్ని స్థిరపరచింది. తప్పు అచ్చువారిది కాదు, నా చేతిరాతది. మైలుకు 27 మీటర్లే కదా అని సర్దుకుపోదామనుకుని, ఊరికే లెక్కవేసి చూశాను. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ 741 నాటికల్ మైళ్ళు. నేను రాసిన మైలుతో దారి కొలిస్తే రన్‌వే ఇంకా 20 కిలోమీటర్లు ఉండగానే చేరిపోయామని లెక్క తేలుతుంది. అక్కడ ఉండేది సముద్రమే. ఈ నెల నుంచి అంకెలన్నీ మా మనవరాలు కంప్యూటర్‌లో కొట్టి పంపుతోంది.